తోక తెగిన బల్లి

తిరుపాలమ్మ చేతిలో కొడవలి పళ్లు ముడుచుకుని ఆగిపోయింది. ఈ రోజుల్లో ప్రతి కొడవలికీ చూసే కన్నూ మాట్లాడే నోరూ ఉన్నాయి.

"గడ్డి బల్లి చనిపోయింది. ఈ అరుదైన బల్లి చస్తే బీడులో కోత బంద్, అది రూలు," అంది కొడవలి.

ఆమె ఇంటి దగ్గర బర్రె నిన్నటి నుంచి పస్తు. నేల మీద తెగిన తోక ఒక్కటే గిలగిలా కొట్టుకుంటోంది. దుబ్బులన్నీ విడదీసి వెతికింది. ఓ గడ్డిపోచ మీద ఎండ కాగుతూ కనిపించింది మొండి బల్లి. తిరుపాలమ్మ కొడవలి కన్నుని అటు తిప్పింది.

"ఇదిగో చూడవే! భయపడి తోక వదిలేసింది. మళ్లీ మొలుస్తాది."

"గడ్డి బల్లికి పొడవాటి తోక ఉండాలి," అంది కొడవలి.

"మా బర్రెకి ఒకటే కొమ్ము. అది బర్రె కాదా?"

"పాలిస్తుందా?" అని అడిగింది కొడవలి.

"మేత పెడితే!"

కొడవలి మళ్లీ పళ్లు బయటపెట్టింది. "బల్లి ఉన్న దుబ్బు వదిలెయ్."

"అది నువ్వు చెప్పాలా?" అంది తిరుపాలమ్మ, అప్పటికే పక్క దుబ్బుకి జరిగి.