మేస్త్రీ తరఫున కాగితం

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఇందులో నా గొప్పేమీ లేదు.

బైండింగ్ షాపులో అట్టలు అతికిస్తూ, అవి ఆరేలోపు లోపలి పేజీలు చదివి పండితుణ్ణయిన రకం నేను. చట్టం పుస్తకాలనూ వదల్లేదు.

మేస్త్రీ తన చెయ్యి పట్టుకు లాగాడని పుస్తకాలు కుట్టే అమ్మాయి యజమానికి ఫిర్యాదు చేసింది. విచారణ ఇంకా మొదలవలేదు. మేస్త్రీ తరఫున కాగితం నేనే రాశాను: "రుజువయ్యేదాకా ఎవరూ దోషి కారు. కనుక అబద్ధమాడిన ఆ పిల్లను పనిలోంచి తీసెయ్యండి."

"నీ బుర్రే బుర్ర, తాతా!" అంటూ తోటి పనివాళ్లు పదకొండు మంది సంతకాలు పెట్టారు.

ఆ అమ్మాయి వచ్చి, కాగితం మొత్తం చదివింది.

"మరి నాది అబద్ధమని ఎప్పుడు రుజువైంది, తాతా?"

పదకొండు మందీ నావైపే చూస్తున్నారు. నేను జిగురు కలపడం మొదలుపెట్టాను.

సాయంత్రం ఆ కాగితాన్ని ఒక్క అక్షరం మార్చకుండా నేనే తీసుకెళ్లి యజమానికిచ్చాను.