డగల్ పద్ధతి

డగల్ పరువు ఈ పూటే తీయాలి. ఆ పంతంతోనే రోవెనా ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో జరిగే లెక్కల సదస్సుకి వచ్చింది.

అక్కడ జరిగేది మొండి లెక్కల పోటీ. అన్నీ వర్గ సమీకరణాలతో నిండిన లెక్కలు. కొండలూ లోయలూ కలగలిసిన నేల ఉందనుకోండి, అందులో అన్నిటికన్నా లోతైన లోయ ఏదో తేల్చాలి. ఒకే లెక్కని కంప్యూటర్‌లో అందరి పద్ధతులకీ ఇచ్చి, ఏది సరిగ్గా, త్వరగా తేలుస్తుందో చూస్తారు. ఏళ్ల తరబడి డగల్ పద్ధతిదే మొదటి స్థానం. ఈసారీ గెలిచాడా, కొత్త పరిశోధనా కేంద్రానికి ఆయనే పెద్ద. ఆ కుర్చీ ఆయనకి దక్కకూడదు, అంతే.

పక్కన కూర్చున్న స్నేహితురాలు మెలె, టోంగా దీవుల పిల్ల, నవ్వింది. "నీ పద్ధతి నత్తే తల్లీ. ఆయనది గుర్రం. ఎందుకే నీకింత కక్ష?"

"ఆ గుర్రం ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు," అంది రోవెనా.

కొత్త లెక్క ఎవరైనా తేవచ్చని అక్కడి ఆనవాయితీ. ఆమె ఒక చిన్న లెక్క ఇచ్చింది. డగల్ పద్ధతి రెప్పపాటులో జవాబు చెప్పేసింది.

"టీ తాగొద్దాం రా రోవెనా. నీది కదిలేసరికి లామింగ్టన్ కేకులు అయిపోతాయి," అన్నాడు డగల్. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, ఉన్నచోటే కూర్చుంది.

అందరూ మూతులు తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి నత్త ఇంకా లోతైన లోయ చూపించింది. రెండు జవాబులూ లెక్కలో వేసి చూశారు. సందేహం లేదు, తప్పింది డగల్ పద్ధతే.

రోవెనా అప్పుడు లేచింది. "మరీ సన్నటి లోయలుంటే వెతక్కుండా వదిలేయమని మీ పద్ధతిలో ఒక హద్దు ఉంది డగల్. అది ఎందుకు పెట్టారు?"

డగల్ తెర వంక చూశాడు. సదస్సు అధ్యక్షురాలు అదే ప్రశ్న మళ్లీ అడిగింది. ఆయన ఏదో గొణిగాడు, మెడ తుడుచుకున్నాడు. ముందు వరుస వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తన పద్ధతి సంగతి తనకే తెలియని మనిషికి కేంద్రం అప్పగించలేమని సాయంత్రానికల్లా తేల్చేశారు.

బయట గాలికి టోపీ పట్టుకుంటూ మెలె అడిగింది. "ఇంతకీ ఆ హద్దు ఎందుకట?"

"అప్పట్లో నా కంప్యూటర్ చిన్నది, అంతకన్నా సన్నటివి మోయలేకపోయింది," అంది రోవెనా, డగల్ తన పేరు తగిలించుకున్న ఆ పద్ధతిని ఆయన దగ్గర చదువుకునే రోజుల్లో మొదటినుంచి చివరిదాకా తన చేత్తో రాసిన రోవెనా.