కత్తిరించిన ఊపిరి

"మేడమ్, ఇంకో టేక్. డైలాగ్ బాగుంది కానీ దానికి ముందు ఊపిరి వినబడుతోంది" అన్నాడు రవిచంద్ర మైకులో.

అద్దం అవతల శారదాదేవి తల ఊపింది. నోరు తెరిచి గాలి పీల్చుకుంది. "అమ్మా, నన్నొదిలి వెళ్ళకమ్మా..." అని మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది. కాగితాలున్న స్టాండుని పట్టుకుంది. మరుక్షణం స్టాండుతో సహా కింద పడింది.

ఆ చప్పుడంతా హెడ్‌ఫోన్‌లోంచి నేరుగా రవిచంద్ర చెవుల్లో పడింది.

ఫిల్మ్ నగర్‌లోని ఆ చిన్న డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీర్ అతను. మాటల మధ్య వినబడే ఊపిర్లను కత్తిరించడమే అతని పనిలో సగం. తెరమీద హీరోయిన్ కొండెక్కి పాడొచ్చు, వానలో తడుస్తూ ఎంతసేపైనా ఏడవచ్చు. ఆయాసపడకూడదు, ముక్కు ఎగబీల్చకూడదు. ఆవిడ బదులు ఆ ఊపిరి డబ్బింగ్ ఆర్టిస్టు పీలుస్తుంది. దాన్ని రవిచంద్ర తీసేస్తాడు. పనిలో మహా నిక్కచ్చి మనిషి. మైకు ముందు నిలబడితే ఎవరైనా అతనికి మేడమే.

స్టూడియోలో పనిచేసే బాలనర్సయ్య లోపలికి పరుగెత్తాడు.

"సార్, అంబులెన్స్ వచ్చేదాంక ఆగితే ఎట్ల? జర మీ కారు తీయుండ్రి. మేడమ్ పెదాలు నీలంగ అయితున్నయ్."

ఇద్దరూ కలిసి ఆమెను కారెక్కించారు. వెనక సీట్లో బాలనర్సయ్య ఆమెను పడిపోకుండా పట్టుకుని కూర్చున్నాడు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బండ్లు ఎప్పటిలాగే కదలడంలేదు. రవిచంద్ర హారన్ మీద చెయ్యి తీయలేదు. వెనకనుంచి ఆమె ఊపిరి వినబడుతూనే ఉంది. దాన్ని కత్తిరించడానికి ఇక్కడ ఏ మీటా లేదు.

మొదట్లో ఆమె ఊపిరి ఇలా ఉండేది కాదు. ముక్కుతోనే పీల్చేది, మెత్తగా, మైకుకి కూడా తెలియకుండా. తర్వాత నోటికి మారింది. ఆ తర్వాత ఊపిరి చివర సన్నగా ఈల చేరింది. ఈమధ్యనైతే నాలుగు మాటలకోసారి ఆగి గాలి మింగుతోంది. ఒక్కో మార్పూ అతను విన్నాడు, విసుక్కున్నాడు, కత్తిరించాడు. పని పెరిగిందని సణుక్కున్నాడే గానీ, మనిషికి ఏమవుతోందని ఒక్కసారైనా ఆలోచించిన పాపాన పోలేదు.

ఆ మధ్య గొంతు బొంగురుగా వస్తుంటే మాత్రం కారణం అడిగాడు.

"రాత్రిళ్ళు నిద్ర ఉండటంలేదండీ. ఊపిరాడక లేచి కూర్చుంటున్నాను" అందామె.

"ముందే చెప్పొచ్చు కదా మేడమ్. రికార్డింగ్ మధ్యాహ్నానికి మార్చేవాణ్ణి."

శారదాదేవి అతనివైపు కాసేపు చూసి, నవ్వి ఊరుకుంది. అప్పుడు తానేదో పెద్ద సాయం చేశాననుకున్నాడు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టారు. బాలనర్సయ్య మందులకోసం కిందికి వెళ్ళాడు. చాలాసేపటికి డాక్టర్ వందన బయటికొచ్చి, "శారదాదేవిగారితో వచ్చిందెవరు?" అని అడిగింది.

"నేనే డాక్టర్. స్టూడియోలో సౌండ్ ఇంజనీర్ని" అంటూ రవిచంద్ర డాక్టర్ వెంట ఆవిడ కన్సల్టింగ్ గదిలోకి నడిచాడు. కారులోంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ తెరిచాడు. కత్తిరించని అసలు రికార్డింగులు పాతవాటి నుంచి కొత్తవాటిదాకా వరసగా వినిపించాడు.

డాక్టర్ అన్నీ విన్నది.

"ప్రాణానికి భయం లేదు" అన్నది చివరికి. "ముక్కులో రెండు పక్కలా కండ పెరిగి దారి మూసుకుపోయింది. ముక్కు దుమ్మును ఆపుతుంది, గాలిని వెచ్చబెట్టి తడిచేసి లోపలికి పంపుతుంది. నోటితో పీలిస్తే ఆ పని సరిగా జరగదు. మీ స్టూడియో ఏసీ గాలి అలాగే పొడిగా వెళ్ళి ఆవిడ గొంతును ఎండబెట్టింది. దానికి ఆస్తమా తోడైంది."

"గొంతు మళ్ళీ వస్తుందా డాక్టర్? ఆమెకి అదే బతుకు."

"ఆపరేషన్ చేసి దారి తెరుస్తాం. ముక్కుతో పీల్చడం మళ్ళీ అలవాటు చేసుకోవాలి. గొంతు మునుపటిలా వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను. కాస్త ముందుగా తీసుకొచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేదే కాదు."



"తప్పంతా నాదే డాక్టర్. విని కూడా ఊరుకున్నాను."

డాక్టర్ వందన అతన్ని జాలిగా చూసింది.

"మీరెందుకు బాధపడతారు? మీ పని మీరు చేశారు. ఇంతైనా విని గుర్తుపెట్టుకున్నది మీరొక్కరే. ఈ జబ్బు అసలు బయటపడేది నిద్రలో. అంత గురక, ఊపిరి ఆగి ఆగి ఉలిక్కిపడి లేవడం, ఇంట్లో ఉన్న మనిషికి వినబడకుండా ఎలా ఉంటుంది? ఆవిడ మెడలో మంగళసూత్రం చూశాను. ముందు ఆ మహానుభావుడికి ఫోన్ చేసి రమ్మనండి. నాలుగు మాటలతో కడిగేయాలి."

రవిచంద్ర ల్యాప్‌టాప్ మూశాడు.

"ఫోన్ అక్కర్లేదు డాక్టర్" అన్నాడు తలెత్తకుండా, "ఆ గురక భరించలేక రెండేళ్ళ కిందటే పక్కగదిలోకి మారి తలుపేసుకున్న మహానుభావుణ్ణి నేనే."