నీళ్లు ఎక్కువైన కవిత

తొంభై ఆరులో ఆత్మకూరు కాలేజీలో జరిగిన కవితల పోటీకి డాక్టర్ పెంచలనరసింహం న్యాయనిర్ణేత. కవిత్వంలో అతిభావుకత మీదే ఆయన పీహెచ్‌డీ చేశాడు.

అంగన్‌వాడీ టీచరు మార్తమ్మ తన కవిత ముగించింది: “అమ్మ సమాధి మీద తాటిచెట్టు లోతు నీళ్లు.”

ఆయన తన ముందున్న ప్రతిలో ఆ పాదం కింద ఎర్రగీత గీశాడు.

“కారణాన్ని మించిన కన్నీరే అతిభావుకతమ్మా! ఆ నీళ్లు కాస్త తగ్గించు, మొదటి బహుమతి నీదే.”

మార్తమ్మ కాగితం మడిచింది.

“నేనెట్లా తగ్గించేది సార్? అవి సోమశిల డ్యాము నీళ్లు. మా ఊరు దాంట్లోనే మునిగిపోయినాది. గేట్లెత్తమని ఇంజనీరుకు మీరే ఒక ముక్క రాయండి. నీళ్లు దిగినాక కబురు చెయ్యండి సార్. అమ్మ సమాధికి సున్నం కొట్టి పదేళ్లయినాది.”