మేత షెడ్డులో ఎంపీ

షెడ్డుకి బయటినుంచి తాళం వేసి ఉంది. లోపల రొయ్యల మేత బస్తాల మధ్య, మడతమంచం మీద పార్లమెంటు సభ్యుడు వెంకటపతి ముడుచుకుని కూర్చున్నారు. ఖద్దరు లాల్చీ చెమటకి వీపుకి అంటుకుపోయింది.

కిటికీ సందులోంచి చూస్తే చెరువు గట్లు, వాటి వెనక మడ అడవి. కోడూరు దాటి ఇంత దూరం ఎవరొస్తారు? ఆ మాటే పదేపదే అనుకుంటున్నారు.

కిటికీ బయట ఒకడు కర్ర పట్టుకుని కూర్చున్నాడు. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు.

బస్తా మీద ట్రాన్సిస్టర్ గరగరమంటూ వార్తలు చెబుతోంది. రేపే ఓటింగు. మన సముద్రంలో ఏ దేశపు ఓడలు చేపలు వేటాడాలో ఇకమీదట అంతర్జాతీయ సంస్థే తేల్చేలా తెచ్చిన బిల్లు అది. దేశాన్ని తాకట్టు పెట్టొద్దని ప్రతిపక్షం. ప్రపంచంతో కలవకపోతే వెనకబడతామని ప్రభుత్వం. ఒక్క ఓటు అటో ఇటో. సొంత పార్టీ బిల్లుని వ్యతిరేకిస్తానన్న వెంకటపతిని అవనిగడ్డ దగ్గర కారు ఆపి ఎత్తుకుపోయారనీ, ఇంకా ఆచూకీ తెలియలేదనీ చెప్పి వార్తలు ముగించారు.

ఎత్తుకుపోయిందెవరో చెప్పడానికి జోస్యం తెలియనక్కర్లేదని దివిసీమ టీకొట్లన్నీ ఎప్పుడో తేల్చేశాయి. మాకేం తెలియదని పార్టీ మొత్తుకుంటోంది. ఎవరు నమ్ముతారు? మండలాధ్యక్ష పదవికే మెంబర్లని క్యాంపుల్లో దాచే రోజులాయె!

వెంకటపతి మాట ఇచ్చింది మంగినపూడి ఒడ్డున. చేపలమ్మే కొండమ్మ ఆయన చెయ్యి లాక్కుని తన నెత్తిమీద పెట్టుకుంది.

"ఆ ఓడలొస్తే మా వలల్లో ఇసక తప్ప ఏం పడదు బాబూ. ఈ బిల్లు ఒద్దని చెప్తానని ఒట్టెయ్యి."

వేశారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రమే ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. మాట వినకపోతే పదవి ఊడుతుందనీ, పాత కేసులు బయటికొస్తాయనీ పార్టీ పెద్దలు మెత్తగానే చెప్పారు.

దూరంగా మోటారు చప్పుడైంది. వెంకటపతి గబుక్కున కిటికీ సందు దగ్గరికి చేరారు.

"ఎవరది?"

"ఐసు లారీ అండి. మీరు నోరెత్తకండి. మీ గొంతు బయటికి వినపడిందో, అంతా అయిపోద్ది," అన్నాడు కాపలావాడు.

లారీ చప్పుడు వెళ్లిపోయింది. వాళ్లు వచ్చేస్తే తన బతుకు ఏం కాను?

వాళ్లు రోడ్డు మీద రాలేదు. పాయలోంచి పడవల్లో వచ్చారు. కుక్కలు మొరిగాయి. గట్టు మీద అడుగుల చప్పుడు, కేకలు. బయట ఎవరో దబ్బున పడ్డారు. తాళం మీద దెబ్బ మీద దెబ్బ. వెంకటపతి మంచం కింద దూరి కళ్లు మూసుకున్నారు.

తలుపు ఊడిపడింది.

"బాబూ! బతికే ఉన్నావా!"

తెడ్డు చేత్తో పట్టుకుని కొండమ్మ! ఆమె వెనక మంగినపూడి చేపల వేటగాళ్లు. పీతలు పట్టేవాళ్లెవరో కిటికీలో ఖద్దరు లాల్చీ చూసి చెప్పారట.

ఆయన్ని మంచం కిందనుంచి బయటికి లాగారు. "అవతల కారు పెట్టాం. రాత్రికి హైదరాబాదు, తెల్లారి ఢిల్లీ ఇమానం. రేపు నువ్వెళ్లి ఒద్దని చెప్పాలి, అంతే!" అంది కొండమ్మ.

వెంకటపతి బస్తా మీద కూలబడ్డారు. కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"పాపం, ఎంత బెదరగొట్టారో ఎదవలు!" కొండమ్మ కొంగుతో ఆయన ముఖం తుడిచింది. ఆమెకీ ఏడుపు ఆగలేదు.

బయట కాపలావాణ్ణి కొబ్బరిచెట్టుకి కట్టేశారు. అయ్యప్ప అనే కుర్ర వేటగాడు వాడి తువ్వాలు లాగేసి కర్ర ఎత్తాడు.

"ఎవడు చెప్తే చేశావురా ఈ పని? పేరు చెప్పు!"

ఆ మాట వినగానే వెంకటపతి ముఖం పాలిపోయింది. అక్కర్లేదు, వదిలెయ్యండి అనబోయారు. గబగబా గుమ్మంలోకి వచ్చారు.

కర్ర దిగేలోపే కాపలావాడు వెంకటపతి వైపు చూసి గొల్లుమన్నాడు.

"బావగారూ, ఓటింగయ్యేదాకా ఎవరికీ దొరక్కుండా దాచిపెట్టమని నా కాళ్లు పట్టుకుంది మీరే కదండీ, చెప్పండి వీళ్లకి!"