రెండు సంచులు

"ఒక్క మనిషికి రెండు సంచులా!"

ఎబెన్‌కి ఒళ్ళు మండిపోయింది.

లాక్‌డౌన్ రోజులు. ట్రుగనీనా కమ్యూనిటీ సెంటర్ ముందు శనివారం లైను. పనులు పోయిన ఇళ్ళకి మున్సిపల్ కౌన్సిల్ వాళ్ళు తిండి సరుకులు పంచుతున్నారు. ఎబెన్ మాత్రం రోడ్డుకి ఇవతలే నిలబడ్డాడు.

ఆకలి లేక కాదు. వేర్‌హౌస్‌లో షిఫ్టులు పోయాయి. కానీ కౌన్సిల్ సంచీ ముట్టుకుంటే పేరు గవర్నమెంట్ కంప్యూటర్‌లోకి ఎక్కుతుందట, ఇక పీఆర్, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోయే అనుమతి, రాదట. ఎవరు చెప్పారో ఎవరికీ తెలీదు. ఎబెన్ లాంటి తెలుగు స్టూడెంట్లందరూ నమ్మేశారు.

లాక్‌డౌన్ మొదట్లో మాస్కు పెట్టుకున్న మనిషెవరో కౌన్సిల్ సంచీతో తలుపు కొడితే, రూమ్మేట్ శ్రీకర్ కిటికీలోంచే కసిరి పంపేశాడు.

ఇప్పుడు రెండు సంచులు మోసుకొస్తున్నది తెలుగాయన. ఆనందరావు. వెనక వీధిలో పెద్ద ఇల్లు, నిగనిగలాడే తెల్ల కారు.

ఎబెన్ ఫోన్లో వీడియో ఆన్ చేసి రోడ్డు దాటాడు.

"అంకుల్, సిగ్గనిపించట్లేదా మీకు? ఇల్లుంది, కారుంది, పీఆర్ ఉంది. లేనోళ్ళ నోటికాడ కూడు లాక్కుపోతారా?"

ఆనందరావు ఉలిక్కిపడ్డాడు.

"ఇంట్లో అవసరం ఉంది బాబూ."

"రెండు సంచుల అవసరమా?"

"రెండూ అవసరమే. నువ్వూ లైన్లో నిలబడు బాబూ. ఏమీ కాదు."

"మీకు పీఆర్ వచ్చేసింది కదా, ఎన్ని కబుర్లయినా చెప్తారు!"

ఆనందరావు సంచులు డిక్కీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వీడియో తెలుగు వాట్సాప్ గ్రూపులో పడింది. ఇంకేముంది, ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్న జనానికి పండగే. "దొంగ" అన్నారొకరు. "తెలుగోళ్ళ పరువు తీశాడు" అన్నారు మరొకరు. ఆయన పిల్లలు ఏ స్కూలో కూడా ఎవరో రాశారు. అది రాసినవాణ్ణి ఒక్కరూ తప్పు పట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే ఎబెన్ వాళ్ళ గుమ్మం ముందు ఎవరో పెట్టి వెళ్ళిన గుడ్డ సంచీ కనిపించింది. బియ్యం, కందిపప్పు, సీసాలో గోంగూర పచ్చడి.

"మా చర్చోళ్ళు ఎంత మంచోళ్ళో చూడరా," అన్నాడు ఎబెన్.

"మీ చర్చోళ్ళు గాదుర బై. కేరమ్ డౌన్స్ గుడోళ్ళు పంపుతుండ్రు," అన్నాడు శ్రీకర్.

ప్రతి శనివారం ఇదే గొడవ. గొడవ పడుతూనే ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

సాయంత్రానికి ఆనందరావు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

పై శనివారం సంచీ రాలేదు.

ఎబెన్ పాస్టర్‌గారికి ఫోన్ చేశాడు. మేం పంపలేదన్నారు. శ్రీకర్ గుడికి ఫోన్ చేశాడు. వాళ్ళూ అదే మాట.

ఆ పై శనివారానికి డబ్బాలో బియ్యం అడుగంటాయి. పీఆర్ సంగతి తర్వాత అనుకుని, పళ్ళు కొరుక్కుంటూ ఎబెన్ లైన్లో నిలబడ్డాడు.

టేబుల్ దగ్గర హెలెనా అనే పెద్దావిడ ఇంట్లో ఎంతమందని అడిగింది. ఏ వీధని అడిగింది. అంతే.

"పాస్‌పోర్టు చూడరా?"

"ఎందుకు? ఓహో, ఆ వీధా! మీరు ఆనంద్ చెప్పిన కుర్రాళ్ళు కదూ? కౌన్సిల్ సంచీ అంటే తలుపే తియ్యని వాళ్ళు!"

ఎబెన్ బిత్తరపోయాడు.

"మీ సంచీ ఆనందే తీసుకెళ్ళేవాడుగా. వాళ్ళదొకటి, మీదొకటి. రెండు వారాలుగా రావట్లేదు, బాగున్నాడా? ఎయిర్‌పోర్టుకి కారు తిప్పేవాడు, ఇప్పుడు ఆ పనీ లేదు. పాపం, ముగ్గురు పిల్లలు."

ఎబెన్‌కి మళ్ళీ కోపం నెత్తికెక్కింది.

"మా సంచీయా? ఒక్కటి కూడా మాకివ్వలేదు! మా పేరు చెప్పి మొత్తం ఆయనే తినేశాడన్నమాట. ఎవరో పుణ్యాత్ములు బియ్యం, పప్పు పెట్టబట్టి బతికాం."

"నాకు తెలీదు బాబూ," అంది హెలెనా అయోమయంగా. "మా సంచీలో బియ్యం ఉండవు. పాస్తా, టమాటా టిన్నులు, ఓట్సే."

ఆ మాట అతనికి ఎక్కలేదు. కోపంలో ఏ మాట ఎక్కుతుంది? సంచీ పట్టుకుని నేరుగా వెనక వీధికి నడిచాడు. అడిగేస్తాడు. ఈసారి పెళ్ళాంపిల్లల ముందే అడిగేస్తాడు.

బెల్లు గట్టిగా నొక్కాడు.

ఏడెనిమిదేళ్ళ పాప తలుపు తీసింది.

"మీ డాడీని పిలువు!"

"డాడ్ రూమ్‌లోంచి రారు. హీ ఈజ్ సాడ్," అంది పాప.

"ఎవరే?" లోపల్నుంచి తల్లి గొంతు.

పాప చూపు ఎబెన్ చేతిలో ఉన్న కౌన్సిల్ సంచీ మీద పడింది. ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి తిరిగి అరిచింది.

"మమ్, పాస్తా ఎగైన్! మన రైస్ ఇంకా ఆ స్టూడెంట్ అన్నయ్యలకేనా?"