మలుపు దగ్గర హారన్

“నా వల్ల కాదు! చచ్చినా ఆ ఘాట్ రోడ్డెక్కను.”

కొడుకు వ్యాను తాళంచెవి బల్ల మీదికి విసిరేశాడు. వానలో కొండ దిగుతుంటే వ్యాను జారి, పిట్టగోడకు ఆనుకుని ఆగిన రోజు నుంచీ అతను స్టీరింగ్ ముట్టలేదు. ఆ రోజు ఎవరికీ చిన్న దెబ్బైనా తగల్లేదు. అయినా ఆ మాటెత్తితే చాలు, చేతులు గజగజ వణుకుతాయి. ఆ వ్యానేమో ఇంటికింత అన్నం పెట్టే వ్యాను.

“నేనేం అడిగానురా? అందరం పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం అన్నాను. ఈ సముద్రపు ఉక్కలో ఉడికి చస్తున్నాను. ఒక్కసారి ఆ కొండగాలి మొహానికి తగిలితే చాలు.”

పెద్దాయన బతుకంతా ఆ కొండకే బస్సు నడిపాడు. చూపు పోయింది గానీ పంతం పోలేదు. అబ్బో, ఏం పంతం!

“వేరే డ్రైవర్ని పిలుస్తాను నాన్నా.”

“పరాయివాడి బండి నేనెక్కను. నువ్వు నడిపితేనే.” కంచం పక్కకు నెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రెండో రోజు కూడా ఆయన కంచం ముట్టకపోయేసరికి కోడలు మొగుణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళింది. “ఏమండీ, ఆయనకు ఎలాగూ కనబడదు. కొండదాకా ఎందుకు? రేవు వెనకాల అంత ఖాళీ మైదానం ఉంది. అందులోనే తిప్పండి. ఏసీ పెంచుదాం. ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపితే పొగమంచు కూడా దొరుకుతుంది.”

“కన్నతండ్రిని, అందులోనూ చూపులేని మనిషిని, మోసం చెయ్యమంటావా?”

“మోసమో గీసమో! నిన్నటి నుంచీ మెతుకు ముట్టలేదాయన.”

మైదానంలో లోయ లేదు, మలుపు లేదు, జారిపోయేందుకు చోటే లేదు. అతను చాలాసేపు గోళ్ళు కొరుక్కుని, చివరికి తాళంచెవి తీసుకున్నాడు.

మర్నాడు వ్యాను కదిలింది. పెద్దాయన ముందు సీట్లో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. వెనక సీట్లో కోడలూ, పిచ్చుకా. పిచ్చుక అంటే మనవరాలే. నోరు మూతపడదని ఆ పేరొచ్చింది. ఇవాళ మాత్రం నోరు జారితే ఊరుకోనని వాళ్ళమ్మ గట్టిగా చెప్పి ఎక్కించింది.

మైదానం చేరగానే పెద్దాయన, “ఇదిగో, ఎత్తు మొదలవుతుంది. సెకండ్ గేరు వెయ్యి. ఎదర ఎడమ మలుపు. హారన్ కొట్టు,” అన్నాడు.

కొడుకు బిక్కమొహం వేశాడు.

“కొట్టరా! పైనుంచి బస్సు వస్తే?”

కొట్టాడు. మేస్తున్న మేకలు తలెత్తి చూశాయి.

“వెడల్పుగా తీసుకో. ఇప్పుడు తిప్పు, మెల్లగా. అదీ!”

మలుపు తర్వాత మలుపు. పెద్దాయన కళ్ళు మూసుకుని చెబుతూనే ఉన్నాడు. ఎడంపక్క లోయ, దాని అడుగున దారంలా ఏరు, ఏటి మీద ఎండ. కాసేపటికి కోడలికి నిజంగానే చెవులు దిబ్బెళ్ళు వేసినట్టయింది. పిచ్చుక అద్దానికి ముక్కు ఆనించి లోయలోకి తొంగిచూసింది.

ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరూ దిగారు. లోపలి నుంచి తెల్లటి చలి పాక్కుంటూ వచ్చి కాళ్ళకు చుట్టుకుంది. పెద్దాయన చేతులు చాచి నిలబడ్డాడు.

“ఆహా! మేఘంలోకి వచ్చేశామే పిచ్చుకా!”

“అవును తాతా! నా చెప్పులు కూడా కనబడట్లేదు!”

“అది సరే, ఆ హోరేమిటే?”

సముద్రం! దాని సంగతి ఎవరికీ తట్టనేలేదు. కోడలు నాలుక్కరుచుకుంది.

“జలపాతం తాతా!” అంది పిచ్చుక.

“మరి ఈ చేపల వాసన?”

“ఆ జలపాతం కిందే పడుతున్నారు మామయ్యా,” అంది కోడలు తడుముకుంటూ.

“ఓహో. ఈ ఏడు వానలు బాగానే పడ్డట్టున్నాయి.”

కొడుకు నవ్వాపుకోలేక వ్యాను చాటుకెళ్ళాడు. అతను నవ్వి ఎన్నాళ్ళయిందో!

తిరుగు ప్రయాణం మొదలైంది. పెద్దాయన గొంతు ఒక్కటే మెల్లగా దారి చూపిస్తోంది. కొడుక్కి ఎదురుగా ఉన్న ఇసకనేల కనబడటం మానేసింది. తడిసిన తారు కనబడింది. పిట్టగోడ కనబడింది. ఆ మలుపూ వచ్చింది.

“ఇక్కడ తారు అరిగిపోయి నున్నగా ఉంటుంది,” అన్నాడు పెద్దాయన, మామూలు మాటలా. “బ్రేకు తొక్కకు. గేరు మీదే దిగనియ్యి. నేనున్నాగా.”

కొడుకు గేరు తగ్గించాడు. హారన్ కొట్టాడు. బ్రేకు తొక్కలేదు. వ్యాను పువ్వులా తిరిగింది. తిరిగాక చేతుల వంక చూసుకున్నాడు. వణకడం లేదు.

ఇంటికొచ్చాక వాకిట్లో వ్యాను కడుగుతూ ఈల వేస్తున్నాడు. నీళ్ళ బకెట్టు తెచ్చిన పెళ్ళాంతో గొంతు తగ్గించి అన్నాడు:

“పాపం, నాన్నను మోసం చేశామే. మనసు పీకుతోంది. వచ్చే ఆదివారం నిజం కొండకే తీసుకెళ్తాను. నేనే నడుపుతాను.”

కోడలు కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని, ఆ ఈల వింటూ, కంచం ఖాళీ చేస్తున్నాడు. అడుగుల చప్పుడు వినగానే మెల్లగా అడిగాడు:

“ఇక నాకు దొంగచాటుగా అన్నం పెట్టే పని తప్పింది నీకు. వాడికేం అనుమానం రాలేదు కదమ్మా?”